గేరుబాక్సులో ‘గట్టి’ సప్పుడు

బండి సప్పుడు చేస్తోందని ఎవరైనా జనగామలో నా షెడ్డుకు వస్తే, నేను ముందు బానెట్ ఎత్తేవాణ్ని కాదు. ఆ సప్పుడు నోటితో చేసి చూపించమనేవాణ్ని. ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చిన పెద్దమనిషికి రోడ్డు మీద నలుగురు చూస్తుండగా ‘కుయ్’మని కూయాలంటే మొహమాటంగా ఉంటుంది. నేను మాత్రం వదిలేవాణ్ని కాదు. కూస్తేనే చెయ్యి పెడతాననేవాణ్ని. ఒక పంతులు పళ్లు కటకట కొట్టి చూపించాడు. వెనక చక్రాలకు బలం తీసుకుపోయే గొట్టం దగ్గర క్రాస్ అరిగిందని అప్పుడే తెలిసింది. ఒక కాంట్రాక్టరు నోట్లో నీళ్లు పోసుకుని పుక్కిలించినట్టు చేశాడు. రేడియేటర్‌లో నీళ్లు తక్కువయ్యాయని చెప్పి పంపాను. ఎవరైనా ముక్కుతో సన్నగా రాగం తీశాడంటే వెనక యాక్సిల్ హౌసింగులో పళ్ల చక్రాలు పోయినట్టే.

ఈ పద్ధతి నాకు ఎవరూ నేర్పలేదు. అప్పటికి నాకు రాయడం రాదు, చదవడం రాదు. పొద్దున వచ్చిన బండి రోగం సాయంత్రం దాకా గుర్తుండాలంటే మాట కంటే మోత నయం. మాటను ఎవరికి తోచినట్టు వాళ్లు చెబుతారు. మోత ఒక్కసారి చెవిలో పడితే అట్లాగే ఉంటుంది.

యాభై ఏడో ఏట అక్షరాలు నేర్చుకున్నాను. ఎందుకని అడిగితే గొప్ప కారణమేమీ లేదు. బస్టాండులో బోర్డు చదవమని పక్కవాణ్ని అడిగితే, వాడు నన్ను తల నుంచి కాళ్ల దాకా ఒకసారి చూసి అప్పుడు చదివేవాడు. ఆ చూపు మీద కోపంతో నేర్చుకున్నాను. మా రఘునాథపల్లి బడి వరండాలో సాయంత్రాలు పెద్దవాళ్లకు చదువు చెప్పే ఒక అమ్మాయి ఉండేది. నా వేళ్లకు పానా పట్టడం తెలుసు గాని బలపం పట్టడం తెలియదు. మూడు బలపాలు విరిచాక నాలుగోది నిలిచింది. అచ్చులు దాటి హల్లుల్లోకి వచ్చాక ఖ, ఘ, ఛ, ఝ నాకు దండగ అనిపించాయి. మా నోట్లో పలకని అక్షరాలు నాకెందుకన్నాను. స్టేషన్ ఘనపూర్‌ను మేం గన్‌పూర్ అనే అంటాం. గన్‌పూర్ అని రాసినంత మాత్రాన బస్సు అక్కడ ఆగకుండా పోతుందా అని వాదించాను. ఆ అమ్మాయి నవ్వి, “సరే తాత, అవి ఎనుక చూద్దాం తియ్,” అంది. తరువాత నేనూ అడగలేదు, ఆమే చెప్పలేదు.

చదువు వచ్చాక షెడ్డులో ఒక నోటుపుస్తకం పెట్టాను. బండి ఎవరిది, ఎప్పుడొచ్చింది, రోగమేమిటి, అన్నీ రాసేవాణ్ని. అట్ట మీద నా పేరు నేనే రాసుకున్నాను. పుస్తకం వచ్చాక మెల్లగా కూతలు మానిపించాను. ఎవరైనా అలవాటు కొద్దీ నోరు తెరిస్తే, చేతితో ఆపి, చెప్పు రాసుకుంటా అనేవాణ్ని. నలుగురిలో పరువుగా ఉందనుకున్నాను. ఇప్పుడు తలచుకుంటే, ఉన్న చెవిని మూసి లేని చెయ్యితో పని మొదలుపెట్టాననిపిస్తుంది. అది తెలియడానికి ఒక పాత అంబాసిడర్ కావలసివచ్చింది.

ఆ కారు నెల్లికుదురు దగ్గర ఒక తండాలో ఉంటుంది. దాని యజమాని ఒకప్పుడు జనగామలో సర్కారు డ్రైవరు. ఆఫీసు కారుగా దాన్ని ఏళ్ల తరబడి నడిపాడు. ఆఫీసుకు అది పనికిరాదని వేలం వేసినప్పుడు పాట పాడి ఇంటికి తెచ్చుకున్నాడు. డీజిలు ఇంజను, స్టీరింగు పక్కన చేతి గేరు, ముందు ముగ్గురు కూర్చునే పొడుగు సీటు. ఆ డ్రైవరు భార్య మొదటిసారి నా షెడ్డుకు వచ్చిన రోజే నన్ను అన్న అని పిలిచింది. అప్పటి నుంచి ఆయన నాకు బావ, నేను ఆయనకు బావ. బావ అన్నాక మాటలకు అదుపు ఉండదు. నేను ఆయన బండిని బర్రె అంటాను, ఆయన నా షెడ్డును దొడ్డి అంటాడు.

పోయిన ఏడు ఎండలు ముదిరే రోజుల్లో ఆయన ఒక్కడే కారు వేసుకుని వచ్చాడు. డెబ్బై కిలోమీటర్లు నడిపి వచ్చిన మనిషి దిగి ఒళ్లు విరుచుకోలేదు. వచ్చి నా బల్ల మీద కూర్చున్నాడు. చాయ్ తెప్పిస్తే సగం తాగి పక్కన పెట్టాడు.

సంగతి ఇది. వాళ్ల బిడ్డ భూపాలపల్లి దవాఖానలో నర్సు. నెలకొకసారి మొగుడూ పెళ్లాలు ఈ కారులోనే నర్సంపేట మీదుగా బిడ్డ దగ్గరికి పోతారు. రెండేళ్ల కిందట ములుగు దాటాక అడవిలో వెనక యాక్సిల్ విరిగి బండి నిలిచిపోయింది. విరిగే ముందు పది కిలోమీటర్ల నుంచీ ఆమె, ఏదో సప్పుడొస్తోంది ఆపమని చెబుతూనే ఉంది. ఈయన, నీ చెవిలో పురుగు దూరింది అన్నాడు. మధ్యాహ్నం నుంచి పొద్దు గూకేదాకా నీళ్లు కూడా లేకుండా రోడ్డు పక్కన కూర్చున్నారు. ఆమె ఆ రోజు ఆయన్ను ఒక్క మాట అనలేదు. అనకపోవడమే ఆయన్ను భయపెట్టింది.

ఇప్పుడు ఆమెకు మళ్లీ సప్పుడు వినిపిస్తోంది. ఈసారి గేరుబాక్సు దగ్గర. ఆయనకు వినిపించడం లేదు. ఆమె తీర్పు చెప్పేసింది. సప్పుడు పోతే బండి ఉంటుంది. పోకపోతే అమ్మేయాలి. జనగామలో పాత ఇనుము కొనే ఒకాయన చాలాకాలంగా ఆ బండిని అడుగుతున్నాడు. ఆయనకు ఆమే ఫోను చేసి, అప్పటి నుంచి మూడో ఆదివారం రమ్మని చెప్పింది.

“నాకు ఆ బండి లేకుంటె ఏమైతది బావ, బస్సున్నది,” అన్నాడు ఆయన. చాయ్ గ్లాసు ఇంకొంచెం పక్కకు జరిపి మళ్లీ అన్నాడు. “మా తండాల నన్ను పేరు పెట్టి ఎవ్వరు పిలువరు. కారు తాత అంటరు. కారు పోతె ఉత్త తాతనే గద.”

ఆయన నవ్వాడు గాని నేను నవ్వలేదు. ఎట్లాంటి సప్పుడు అని అడిగాను. పుస్తకం తీశాను.

“నాకైతె ఏం ఇనబడ్తలేదు. ఆమెనే అంటది, గట్టి లెక్క వస్తదట.”

గట్టి లెక్క. మా దిక్కు లెక్క అంటే ‘లాగా’ అని, అందుకే ఆ మాట వినగానే నాకు కొంచెం తేడాగా అనిపించింది. గట్టిగా వస్తుంది అంటారు, గట్టి లెక్క వస్తుంది అనరు. కానీ లంబాడా మనిషి, ఇంట్లో మాట్లాడేది వేరే భాష, తెలుగు అటూ ఇటూ పలుకుతాడులే అనుకున్నాను. ‘గేరుబాక్సు. గట్టి సప్పుడు’ అని గుండ్రంగా రాశాను. ‘లెక్క’ అన్న మాటను నేనే వదిలేశాను.

ఆ సాయంత్రం ఆయన్ను పక్కన కూర్చోబెట్టుకుని రఘునాథపల్లి దాకా నడిపి చూశాను. టాపు గేరులో వేసి అరవై మీద పోనిచ్చాను. గట్టి సప్పుడు అని రాసి ఉంది కాబట్టి గట్టి సప్పుడు కోసమే చెవులు నిక్కించాను. డీజిలు ఇంజను మోత తప్ప ఏమీ లేదు. స్పీడు పెంచి తగ్గించినప్పుడు మాత్రం కింద ఎక్కడో టక్కుమంది. దొరికింది అనుకున్నాను. షెడ్డు గుంతలో దిగి చూస్తే క్రాస్ కొద్దిగా వదులైంది. దాన్ని మార్చాను. నిజానికి ఆ క్రాస్ ఇంకో ఏడాది నడిచేదే. పోయేముందు ఆయన నా చేతులు పట్టుకున్నాడు. ఏమీ చేయకుండానే దండం పెట్టించుకున్నట్టయింది.

నాలుగో రోజు ఫోను చేశాడు. ఆమె ఒప్పుకోలేదట. సప్పుడు ఎక్కడిది అక్కడే ఉందట. మళ్లీ తెచ్చాడు. ఈసారి గేరుబాక్సును మోసే రబ్బరు ముక్క చితికిపోయి కనిపిస్తే అది మార్చాను. బరువైన మోతలు దాని వల్లనే వస్తాయి మరి. గేరాయిలు తక్కువేమైనా ఉందేమోనని మూత తీసి వేలు పెట్టి చూశాను, మట్టానికే ఉంది. ఆ ఆయిలును కిందికి దించి చూడాలన్న బుద్ధి పుట్టలేదు. దించి ఉంటే అప్పుడే తెలిసేది. గట్టిగా మోగే రోగం నూనెలో వెతికితే దొరుకుతుందా అనుకున్నాను.

ఆ రెండోసారి కూడా పనికిరాలేదు. ఈసారి ఆమే ఫోను తీసుకుని మాట్లాడింది. ఆమె కోపంగా లేదు. అదే ఇబ్బంది. “నీకు చెవులున్నయా అన్న, తాకట్టు పెట్టినవా?” అంది మెల్లగా. రేపు నేనే అక్కడికి వస్తానన్నాను. ఆదివారానికి ఇంకా ఆరు రోజులున్నాయి.

మర్నాడు పొద్దున రైలెక్కి మానుకోటలో దిగాను. మహబూబాబాద్ అని స్టేషను బోర్డు మీద ఉంటుంది, మా నోట్లో అది మానుకోటే. బావ కారు వేసుకుని వచ్చాడు. ముందు సీటులో ఆమె కూడా ఉంది. నన్ను చూసి జరిగి చోటిచ్చింది. ఆమె చెప్పులు విడిచి, అరికాళ్లు రెండూ కారు అడుగు రేకు మీద ఆనించి కూర్చుంది. గేరుబాక్సు సరిగ్గా ఆ రేకు కిందే ఉంటుంది. అది నేను అప్పుడు గమనించాను గాని దాని గురించి ఆలోచించలేదు.

ఊరు దాటేముందు రైలు గేటు పడింది. బావ బండి ఆపి, న్యూట్రల్ చేసి, కాళ్లు రెండూ ఎత్తి పక్కకు పెట్టుకున్నాడు. ఎడమ మోకాలు నొప్పి, ఇదివరకటిలా క్లచ్ తొక్కి పట్టుకోలేడట. ఆఫీసరును ఎక్కించుకున్న రోజుల్లో ఎక్కడ ఆగినా గేరులోనే ఉంచి క్లచ్ తొక్కిపట్టేవాడు. ఆఫీసరుకు ఒక్క క్షణం ఆలస్యమైనా ఓర్పు ఉండేది కాదు.

ఆమె నా మోచేయి తట్టింది.

“ఇగో, ఇను. వస్తున్నది.”

విన్నాను. ఇంజను ధనధనలాడుతోంది. ఇంకేమీ లేదు. నిజమే చెప్పాను, గట్టి సప్పుడేదీ నాకు వినబడడం లేదు చెల్లె అన్నాను.

“గట్టిగ వస్తదని ఎవలన్నరు?”

బావ వైపు చూశాను. నువ్వే కదా అన్నావు అన్నాను. ఆమె అన్నదే నేనూ చెప్పాను అన్నాడు బావ.

ఆమె ఇద్దరినీ చూసి తల కొట్టుకుంది. ఎడమ అరచేయి తెరిచి, దాని మీద కుడి పిడికిలి పెట్టి గుండ్రంగా తిప్పింది. నెమ్మదిగా, బరువుగా, ముంజేయి అంతా కదిలేటట్టు. “ఘట్టి,” అంది. “ఘట్టి లెక్క అని చెప్పిన. మీరేమంటరు దాన్ని... ఇసుర్రాయి. జొన్నలు ఇసిరే రాయి.”

వాళ్ల భాషలో ఇసుర్రాయిని ఘట్టి అంటారు. బావ పుట్టినప్పటి నుంచీ రెండు భాషలూ కలిపి మాట్లాడే మనిషి. ఏ మాట ఏ భాషదో ఆయనకు పట్టదు. నేనేమో ‘ఘ’ అక్షరం నాకు అక్కర్లేదని ఎప్పుడో పక్కన పెట్టినవాణ్ని. ఇద్దరం కలిసి ఇసుర్రాయిని రెండు వారాల పాటు పెద్ద మోత చేశాం.

అప్పుడు ఎన్నో ఏళ్ల తరువాత నా పాత అలవాటు నోట్లోకి వచ్చింది. నోటితో చేసి చూపించమన్నాను. ఆమె సిగ్గుపడలేదు. కళ్లు మూసుకుని, గొంతు లోపల నుంచి ఎండిన గరగర తీసింది. ఆగకుండా ఒకే తీరున సాగింది ఆ మోత.

“గింజలు పోసి ఇసిరేటప్పటిదా, ఉత్తగ తిప్పేటప్పటిదా?” అని అడిగాను.

“ఉత్తగ. గింజలు పోయకముందు రాయి మీద రాయి అనేది,” అంది. ఇంత చిన్న సంగతి అడుగుతాడేమిటి అన్నట్టు చూసింది.

నాకు సంగతి దాదాపు తెలిసిపోయింది. గింజలు పడితే మోత మెత్తబడుతుంది, ఉత్త రాయే అట్లా గరగరమంటుంది. బేరింగు కూడా అంతే. బాగున్నప్పుడు మెత్తగా తిరుగుతుంది, పైన నునుపు లేచిపోతే రాయిలాగా రుబ్బుతుంది. అయినా నా చెవికి ఇంకా అందలేదు. ఎక్కడి నుంచి వింటున్నావని అడిగాను. ఆమె చెవి చూపించలేదు, కాళ్లు చూపించింది.

నేను వంగి అరచేయి రేకు మీద పెట్టాను. ఉంది. ఇంజను అదురు వేరు, దాని కింద ఇది వేరు. సన్నగా, గరుకుగా, మా అమ్మ పిండి విసురుతుంటే నేను పక్కన పడుకున్నప్పుడు నేలలో తెలిసిన అదురులాగా. క్లచ్ తొక్కమని బావకు చెప్పాను. తొక్కాడు. నా చెయ్యి కింద గరుకు ఆగిపోయింది. వదలమన్నాను. మళ్లీ మొదలైంది. మూడుసార్లు చేయించాను. మూడోసారికి బావ కూడా వంగి, స్టీరింగు కింద నుంచి చెయ్యి చాపి రేకు ముట్టుకున్నాడు. ఆయన మొహంలో ఏమి మారిందో నేను చూడలేదు. చూడకూడదనిపించింది.

గేటు ఎత్తారు. వెనక లారీవాడు హారను కొట్టాడు. బావ చెయ్యి తీయకుండా అట్లాగే ఉంటే, “ఇగ నడువు, మొక్కింది చాలు,” అంది ఆమె.

దారి పొడుగునా గేరుగేరుకూ రేకు మీద చెయ్యి పెట్టి చూశాను. ఒకటి, రెండు, మూడు గేర్లలో ఉంది. టాపులో వేయగానే పోయింది. గేరుబాక్సు అడుగున ఒక షాఫ్టు ఉంటుంది, మేం కౌంటర్ షాఫ్టు అంటాం. ఇంజను తిరుగుతున్నంతసేపూ అదీ తిరుగుతుంది, క్లచ్ తొక్కితే ఆగుతుంది. టాపు గేరులో బలం దాని మీదుగా పోదు, అందుకే అప్పుడు నోరెత్తదు. దాని లోపల సూదుల్లాంటి సన్నని రోలర్లు వరుసగా ఉంటాయి. అవి పోయాయి. రఘునాథపల్లి రోడ్డు మీద నేను టాపు గేరులో పరుగెత్తించి వెతికిన రోగం, టాపు గేరులో దాక్కునే రోగం. చెయ్యి తిరిగిన ఏ మెకానిక్కయినా న్యూట్రల్‌లో పెట్టి, క్లచ్ తొక్కి వదిలి చూస్తాడు. నేనూ నలభై ఏళ్లు అదే చేశాను. ఆ రోజు పుస్తకంలో రాసుకున్నదాన్ని వెతకబోయి చేయాల్సింది చేయలేదు.

ఆ రోజే కారు జనగామకు వచ్చింది. గేరాయిలు దించితే అడుగున అరిగిన ఇనుము వెండి పొడిలాగా మెరిసింది. పక్క షెడ్డులో వెల్డింగు చేసే ఆయన ఒక చెయ్యి వేస్తే గేరుబాక్సు కిందికి దించాం. విప్పి షాఫ్టు తీస్తే పురుగు తొలిచిన జొన్న గింజలాగా గుంతలు పడి ఉంది. రోలర్లలో కొన్ని సగానికి విరిగాయి. ఇంకో రెండు ప్రయాణాలు చేసి ఉంటే ఆ ముక్కలు పళ్లలో పడి గేరుబాక్సు మొత్తం బిగుసుకుపోయేది. ఎక్కడ బిగుసుకునేదో ఎవరు చెప్పగలరు.

రోలర్లు హైదరాబాద్ నుంచి తెప్పించవచ్చు. ఆ షాఫ్టు మాత్రం ఇప్పుడు ఎవరూ చేయడం లేదు. రెండు రోజులు ఫోన్లు చేశాను. కొందరు నా గొంతు వినగానే నవ్వారు. ఇక మిగిలిన చోటు ఒక్కటే. అక్కడికి పోవడం నాకు ఇష్టం లేదు. కానీ పోయాను.

పాత ఇనుము కొనే ఆయన దుకాణం వెనక ఎప్పటిదో ఒక అంబాసిడర్, చక్రాలు లేకుండా, గుమ్మడి తీగ పాకి ఉంది. ఆయన నాకంటే చాలా చిన్నవాడు. వచ్చిన పని చెప్పాను. దాచలేదు. ఏ బండికో కూడా చెప్పాను.

“అంటె నా బేరం చెడగొట్టనీకి సామాను నా దగ్గరనే తీస్కపోతవా కాక?” అన్నాడు.

చెడుతుందో లేదో ఆమె చెబుతుంది, ముందు షాఫ్టు బాగుందో లేదో చూద్దాం అన్నాను. ఆయన తల గోక్కున్నాడు. తరువాత తీగను తెంపకుండా పక్కకు జరిపి, జాకీ ఆయనే తెచ్చాడు. ఇద్దరం విప్పాం. షాఫ్టు బాగుంది. నూనెలో పడి ఉన్నది కాబట్టి తుప్పు ముట్టలేదు. దాన్ని గుడ్డలో చుట్టి నా చేతిలో పెట్టి, “ఆదివారం నేనైతే వస్త. వస్తనని చెప్పిన,” అన్నాడు. మాట అంటే మాటే, అందులో తప్పు పట్టడానికేమీ లేదు.

శుక్రవారం సాయంత్రానికి గేరుబాక్సు ఎక్కించాను. కొత్త నూనె పోసి, ఇంజను స్టార్ట్ చేసి, న్యూట్రల్‌లో ఉంచి, కట్టె కొస గేరుబాక్సుకు ఆనించి రెండో కొస చెవికి పెట్టుకున్నాను. చెయ్యి కూడా పెట్టి చూశాను. నాకైతే ఏమీ లేదు. కానీ ఈ రెండు వారాల్లో నాకు లేదంటే ఎంత విలువుందో తెలిసింది కదా. కారు కోసం వచ్చిన బావకు అదే చెప్పాను. తీర్పు నాది కాదన్నాను.

ఆ రాత్రికే బావతో తండా చేరుకున్నాను. శనివారం పొద్దున్నే అక్కడి నుంచి ముగ్గురం బయలుదేరాం. భూపాలపల్లి దాకా పోయి వస్తేగాని ఏమీ చెప్పనంది ఆమె. నన్నూ రమ్మంది. ఆగిపోతే అడవిలో మేమిద్దరమే ఎందుకు కూర్చోవాలి, చేసినవాడూ కూర్చోవాలి అంది. వెనక సీటు నిండా సామాను సర్దింది. రెండు డబ్బాల నీళ్లు, గుడ్డలో కట్టిన జొన్న రొట్టెలు, చాప, దుప్పటి. బావ ఆ దుప్పటి వైపు చూశాడు.

ఆమె మా మధ్యలో చెప్పులు విడిచి కూర్చుంది. నర్సంపేటలో చాయ్ తాగుదామంటే ఇంజను బంద్ చేయొద్దంది. న్యూట్రల్‌లో పెట్టించి, మమ్మల్ని దిగమని, తాను ఒక్కతే లోపల కూర్చుంది. మేమిద్దరం చాయ్ గ్లాసులు పట్టుకుని, పరీక్ష రాసిన పిల్లలు బడి బయట నిలబడ్డట్టు నిలబడ్డాం. బావ నా వైపు వంగి, ఏమంటది అన్నాడు. నాకేం తెలుసన్నాను. నువ్వు చేసినవ్ గద అన్నాడు. నువ్వు కట్టుకున్నవ్ గద అన్నాను.

ములుగు దాటాక అడవిలో ఒకచోట బావ కాలు తనంతట తానే యాక్సిలేటరు మీద నుంచి లేచింది. అక్కడే యాక్సిల్ విరిగిందని నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు. బండి నెమ్మదించింది. ఆమె కళ్లు మూసుకునే ఉంది. “ఎందుకాపుతున్నవ్, ఏమైంది?” అంది. ఏం కాలేదన్నాడు. “మరి పోని,” అంది. బావ మూడో గేరు వేసి, మళ్లీ టాపు వేశాడు. ఆమె కళ్లు తెరవలేదు.

మధ్యాహ్నానికల్లా భూపాలపల్లి చేరాం. బిడ్డ ఇల్లు దవాఖాన వెనక వీధిలో. ఆ అమ్మాయి డ్యూటీ నుంచి ఇంకా రాలేదు, తాళం వేసి ఉంది. బావ వేప చెట్టు నీడకు తెచ్చి ఆపి, తాళంచెవి తిప్పబోయి ఆగి, ఆమె వైపు చూశాడు. ఆమె కాళ్లు తీసి చెప్పుల్లో పెట్టుకుంది. నేను దిగి దారి ఇచ్చాను. దిగింది. కారు చుట్టూ ఒక తిరుగు తిరిగి, నేను మళ్లీ ఎక్కి కూర్చున్నాక నా కిటికీ దగ్గరికి వచ్చి నిలబడింది.

కిర్రుమనేది ఒకటి ఇంకా ఉందంది. ఎక్కడ అన్నాను. వెనక తలుపు అంది. అది తలుపే, నూనె చుక్క వేస్తే పోతుంది, దానికీ గేరుబాక్సుకూ సంబంధం లేదు అన్నాను. తెలుసు, చెప్పి పెడుతున్నానంది.

తరువాత ఫోను తీసి పాత ఇనుము ఆయనకు కలిపింది. మేమిద్దరం కారులోనే కూర్చున్నాం. ఇంజను ఇంకా తిరుగుతూనే ఉంది.

“తమ్మి, రేపు మా దిక్కు వస్తనంటివి గద. రా. వస్తె అన్నం తిని పో. బండి సంగతి మాత్రం అడగకు.” అవతలి వైపు ఏమన్నాడో మాకు వినబడలేదు. ఆమె కొంచెంసేపు విని, “ఆయన ఉన్నన్ని రోజులు ఇది ఉంటది. గంతే,” అని పెట్టేసింది.

బావ స్టీరింగు మీద చేతులు పెట్టుకుని ముందుకే చూస్తున్నాడు. ఆ వీధిలో చూడడానికేమీ లేదు, ఒక ఆటో, ఒక గోడ. ఆమె వెనక తలుపు కిర్రుమనిపించి తెరిచి, దుప్పటీ చాపా బయటికి తీసి, వేప చెట్టు కింద పరిచింది. రొట్టెల మూట విప్పింది. బిడ్డ వచ్చేలోపు తినేద్దాం రండి అంది.

బంద్ చేయి బావ, డీజిలు దండగ అన్నాను.